నాన్నతో కలిపి మూడు

మా మరిదిని రేవులో అందరూ చీటీలాయన అనేవారు. పోయాక కూడా అలాగే అంటున్నారు. కాకపోతే ఇప్పుడు ఆ మాటకు ముందు ఇంకోటి తగిలిస్తున్నారు: "అన్నను పొట్టన పెట్టుకున్న చీటీలాయన." ఆ తగిలించిన మాట అబద్ధం. దాన్ని తుడిచేయడం ఒక్కటే నాకు మిగిలిన పని. అందుకని మొదటినుంచీ చెబుతాను. ఓపిక ఉన్నవాళ్లు వినండి, లేనివాళ్లు వెళ్లి మీ పనులు చూసుకోండి, నేనేమీ అనుకోను.

నేను కాపురానికి వచ్చేసరికి వాడికి పదకొండేళ్లు. తల్లి లేదు. వచ్చిన మూడోరోజే నా పుట్టింటివాళ్లు ఇచ్చిన అలారం గడియారాన్ని విప్పి నేలమీద పరిచి కూర్చున్నాడు. నా ప్రాణం ఉసూరుమంది.

"ఒరేయ్, నా గడియారంరా!"

"పాడుచెయ్యడం లేదు వదినా. ఎలా నడుస్తోందో చూస్తున్నా."

సాయంత్రానికి గడియారం మళ్లీ బల్లమీద ఉంది. దానికింద నీలం స్కెచ్ పెన్నుతో గుండ్రటి అక్షరాల్లో ఒక చీటీ: "ఒక మర మిగిలింది. అయినా నడుస్తోంది. భయపడకు." ఆ చీటీ చూసి నవ్వాలో నెత్తిన మొట్టాలో తెలియలేదు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లలో మా ఇంట్లో వాడి చీటీ అంటుకోని గోడ లేదు. "ఈ స్విచ్ తడిచేత్తో ముట్టుకోవద్దు." "ఈ కుళాయి గట్టిగా తిప్పొద్దు, పాపం ముసలిది." నోటితో చెప్పొచ్చు కదరా అంటే, "నోటితో చెబితే మీరు నాతో పోట్లాడతారు వదినా, చీటీతో పోట్లాడలేరుగా" అనేవాడు.

పెద్దయ్యాక వాడు పట్టుకున్న పని కూడా అలాంటిదే. మా రేవులో పడవలు చాలామట్టుకు నా వయసువి. వాటిలో లోతు చూపే పెట్టె, వేగం చూపే చక్రం, దిక్సూచి, తెరచాప ఉన్నవాటికి కొయ్యమీద గాలి వేగం కొలిచే గిన్నెలు అన్నీ పాతకాలంవి, రాయిలా గట్టివి. ఇంతలో లాప్‌టాప్‌లు వచ్చాయి, వాటిలో దారి చూపే సాఫ్ట్‌వేర్ వచ్చింది. తెరమీద సముద్రం పటం, దానిమీద చీమలా పాకే మన పడవ బొమ్మ. ఒకడి పడవలో చూసి ఇంకొకడు, అందరికీ అది కావాలి. కొత్త సాఫ్ట్‌వేర్‌కు కొత్త పెట్టె పెట్టాలంటే పడవ అడుగున కొత్త కన్నం తొలవాలి. బాగున్న పడవకు కన్నం పెట్టమంటే ఏ యజమాని ఒప్పుకుంటాడు? అక్కడ మా మరిది కావలసి వచ్చాడు.

వాడు నాకు చెప్పినట్టే చెబుతాను. పాత పెట్టె వెనక సన్నటి తీగలు రెండు ఉంటాయి. తనకు తెలిసిన సంగతిని సెకనుకోసారి ఒక వాక్యంలా వాటిలోకి పంపుతుంది: లోతు ఇంత, లోతు ఇంత. లాప్‌టాప్‌కు ఆ వాక్యం చదవడం వచ్చు, కానీ ఆ తీగలు తగిలించే చోటు దాని ఒంటిమీద ఎక్కడా లేదు. మధ్యలో ఒక చిన్న డబ్బా ఉండాలి. పాతది ఎంత నెమ్మదిగా మాట్లాడుతుందో అంతే నెమ్మదిగా వినమని కొత్తదానికి చెప్పాలి. తొందరపడి వింటే తెరమీద అన్నీ పిచ్చిగీతలే. తీగలు రెండూ అటూఇటూ అయినా అంతే. ఈ ముసలిపెట్టెలకూ కుర్ర లాప్‌టాప్‌లకూ మధ్య మాటలు కుదర్చడమే మా వాడి ఉద్యోగం. ఆ మధ్యలో పెట్టే డబ్బాలేమో నా వంటింట్లోంచి మాయమయ్యేవి. అలమర నిండా మూతలు మిగిలాయి, డబ్బాలు మాత్రం సముద్రంమీద తిరిగేవి.

పొద్దస్తమానం పడవ అడుగున తల దూర్చి పనిచేసేవాడు. "మా మరిది మొహం ఎలా ఉంటుందో రేవులో ఎవరికీ తెలియదు, వెనకభాగాన్ని మాత్రం ఎంతదూరంనుంచైనా గుర్తుపడతారు" అని నేను ఏడిపించేదాన్ని. పెళ్లి చేసుకోరా అంటే, తీగలు చుట్టుకున్న చేతులు చూపించి "ఇప్పటికే ముడిపడి ఉన్నాను వదినా" అనేవాడు. వాడికి లోకంలో ఉన్నవాళ్లు ముగ్గురే. అన్న, నేను, మా అమ్మాయి. మా అమ్మాయంటే వాడికి ప్రాణం. అది పుట్టిన నెలకే ఉయ్యాలకు చిన్న దీపం అమర్చాడు, ఏడిస్తే వెలిగేది.

ఇక మా పడవ సంగతి. దాన్ని మా మావయ్యగారు నడిపేవారు, ఆయన తర్వాత మా ఆయన నడిపాడు. అందులో లోతుపెట్టె అబద్ధాలకోరు. కావాలని చేసిన అబద్ధం అది. అసలు లోతుకన్నా ఒక మీటరు తగ్గించి చూపించేలా మావయ్యగారు లోపలి మరను తిప్పి పెట్టారు. "నా కొడుకులకు తొందరెక్కువ. అందుకే ఒక మీటరు నీళ్లు వాళ్లకు కనబడకుండా దాచిపెట్టాను" అన్నారు నాతో ఒకసారి. కొడుకులకు తెలియకుండా ఉంటుందా? పడవవాళ్లందరికీ తెలిసిపోయింది. పెట్టె రెండు అంటే మా ఆయన పైకి, "నాన్నతో కలిపి మూడు" అనేవాడు. మావయ్యగారు పోయిన తర్వాత కూడా ఎవరూ ఆ మర ముట్టుకోలేదు. పాతికేళ్లు మా ఆయన ఆ నాన్నను కలుపుతూనే పడవ నడిపాడు. ఊపిరి పీల్చడం ఎంతో, ఆ మీటరు కలపడం అంత.

ఆ ఏడాది ఎండాకాలం లోతుపెట్టె మొహం మాడిపోయింది. అంకెలు సగం వెలుగుతాయి, సగం వెలగవు. తీగల్లో మాట మాత్రం బాగానే పలుకుతోంది. మా మరిది దాన్ని లాప్‌టాప్‌కు కలిపాడు. ఇకనుంచి అంకె తెరమీదే చూడాలి. మా ఆయన చూశాడు, నాన్నను కలుపుకున్నాడు, వెళ్లాడు, వచ్చాడు. నెలరోజులు బాగానే గడిచింది. బాధల్లా ఒక్కటే. పడవ అడుగుకింద నీళ్లు అర మీటరుకన్నా తగ్గితే సాఫ్ట్‌వేర్ అలారం మోగిస్తుంది. ఒక మీటరు తగ్గించి చెబుతున్న పెట్టెను నమ్మి అది నీళ్లున్నచోట కూడా మోగేది.

"నీ లాప్‌టాప్ కుక్కలా మొరుగుతోందిరా. నా చెవులు చిల్లులు పడుతున్నాయి. దాని నోరు మూయించు" అన్నాడు మా ఆయన.

"మూయిస్తా అన్నయ్యా" అన్నాడు వీడు.

లోపలి మర తిప్పేస్తే పోయేది. వీడికి చేతులు రాలేదు. "అది నాన్న పెట్టిన మర వదినా, నేను తిప్పను" అన్నాడు. అందుకని పెట్టెను దాని మానాన వదిలేసి, సాఫ్ట్‌వేర్‌లో ఒక మీటరు కలిపాడు. ఇప్పుడు తెరమీద ఉన్నది అసలు లోతు. అలారం నిజంగా నీళ్లు లేనప్పుడే మొరుగుతుంది. పని శుభ్రంగా చేశాడు. ఎవరు చేసినా అలాగే చేస్తారు.

ఆరోజు మధ్యాహ్నం వాడు వంటింటి గుమ్మంలోకి వచ్చాడు, చేతులకు ఇంకా నల్లజిడ్డు. బస్సు టైమైపోతోంది, పక్క రేవులో నాలుగు రోజుల పని ఒప్పుకున్నాడు. మా ఆయన ఐసు కోసం వెళ్లాడు, ఇంట్లో లేడు. వీడు ఫోన్ చేస్తే ఎత్తలేదు. చీటీ రాసి నా చేతికిచ్చాడు.

"అన్నయ్యకివ్వు వదినా. నోటితో కూడా చెప్పు. మర్చిపోకు."

"తెరకే అంటించొచ్చు కదరా?"

"తడికి ఊడిపోతోంది. అయినా నీ చేతిలో పెడితే బ్యాంకులో పెట్టినట్టే."

చీటీలో ఇలా ఉంది: "అన్నయ్యా, ఇక నాన్నను కలపకు. తెరమీద ఉన్నదే అసలు లోతు." చదివాను. అర్థమైంది కూడా. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు లేదు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. అప్పటికి మూడు రోజులుగా నేను మా ఆయనతో మాట్లాడటం లేదు. ఎందుకంటే, చెప్పడానికే సిగ్గుగా ఉంది. ఆయన స్నేహితులు వచ్చి కూర్చున్నప్పుడు, "మా ఆవిడ మాట్లాడటం ఆపితే ఇంట్లో కరెంటు పోయిందనుకుంటాం" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. సరే, ఆపి చూపిస్తా చూడు అనుకున్నాను. నేను పంతం పడితే ఎలా ఉంటుందో మా ఇంట్లో గోడలకు తెలుసు. మొదటిరోజు ఆయన నవ్వాడు. రెండోరోజు బతిమాలాడు. మూడోరోజు ఆయనా మూతి ముడుచుకున్నాడు.

సాయంత్రం బయల్దేరుతూ సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నేను గిన్నెలు తోముతున్నాను, వీపు అటు తిప్పి. చీటీ నా నడుంలో దోపుకుని ఉంది. ఒక్కమాట అననీ, ఇటు తిరిగి ఇచ్చేస్తా అనుకున్నాను. "క్యారియర్ తీసుకెళ్తున్నా" అన్నాడు గోడకు చెబుతున్నట్టు. అది నాతో అన్నమాటే. కానీ దానికి నేను తిరగలేదు. నాకు ఇంకా పెద్దమాట కావాలి. ఆయన వీధి చివర మలుపు తిరుగుతుంటే కిటికీలోంచి చూశాను. "ఇదిగో!" అని ఒక్క కేక వేస్తే ఆగేవాడు. రేపు వచ్చాక ఇవ్వొచ్చులే అనుకున్నాను. ఇంతే. ఇంతకన్నా ఏమీ జరగలేదు.

మర్నాడు తెల్లవారాక తిరిగొస్తూ, ఏరు సముద్రంలో కలిసేచోట, మేం మొగ అంటాం, అక్కడి ఇసుకమేటకు మా పడవ తగిలింది. ఆటుకు నీళ్లు తీసే వేళ. వెనకనుంచి వచ్చిన అల పడవను అడ్డంగా తిప్పి బోర్లా వేసింది. ఇంజిన్ చూసే ఆయనా, వలలు లాగే అతనూ దూరంగా పడి ఈదుకొచ్చారు. మా ఆయన చుక్కాని గదిలో ఉండిపోయాడు. ఒడ్డుకు తెచ్చినప్పుడు ఆయన చొక్కా గుండీలు అన్నీ పెట్టే ఉన్నాయి. నేనేం అరిచానో నాకు గుర్తులేదు. మూడు రోజులు దాచుకున్న మాటలన్నీ అప్పుడు అరిచానని అంటారు.

పన్నెండోరోజున పడవల సంఘం హాల్లో విచారణ పెట్టారు. రేవు అధికారి, సంఘం పెద్ద, మిగతా పడవలవాళ్లు. అప్పటికే ఊళ్లో, "పొగరు. పోటు వచ్చేదాకా ఆగలేకపోయాడు" అని మా ఆయన గురించి గుసగుసలు. పాతికేళ్లు ఆ మొగ దాటిన మనిషి గురించి! ఇంజిన్ ఆయన లేచి చెప్పాడు. "ఆగుదామా అని నేనే అడిగాను సార్. తెర చూశాడు, ముప్పావు మీటరు చూపిస్తోంది. 'నాన్నతో కలిపి ఒకటి ముప్పావు, పోదాం పద. చూశావా, తమ్ముడు మొరుగుడు కూడా మానిపించాడు' అన్నాడు. ఆ రెండు నిమిషాలకే, అది మొరిగీ మొరగకముందే తగిలింది."

అధికారి మా మరిదిని లేపాడు.

"ఆ మీటరు సాఫ్ట్‌వేర్‌లో నువ్వే కలిపావా?"

"నేనే కలిపాను సార్."

"మీ అన్నకు చెప్పావా?"

వాడు నావైపు చూశాడు. నా ఒడిలో తల పెట్టుకుని మా అమ్మాయి. దానికప్పుడు పద్నాలుగేళ్లు, నా చీర కొంగు రెండు చేతులతో పట్టుకుని ఉంది. నా నడుంలో ఆ చీటీ ఇంకా ఉంది, అదే మడతలో. నేను లేవబోయాను. లేవబోయాననే అనుకుంటాను.

"లేదు సార్. మర్చిపోయాను" అన్నాడు వాడు.

గడియారంలో మర మిగిలితే చీటీ రాసినవాడు మర్చిపోయానన్నాడు, అందరూ నమ్మారు. మా అమ్మాయి నా ఒడిలోంచి లేచి, హాలు మధ్యనుంచి నడిచి వెళ్లి వాడి మొహంమీద ఉమ్మింది. వాడు తుడుచుకోలేదు. నేను నోరు తెరవలేదు. భయం. అమ్మే నాన్నను చంపిందని ఆ పిల్ల కళ్లలో చూడాల్సి వస్తుందన్న భయం. దానికి ఇంకేం మంచిపేరు పెట్టినా అబద్ధమే అవుతుంది.

మర్నాడు వాడి గదికి వెళ్లాను. "చీటీ నా దగ్గరే ఉందిరా" అన్నాను.

"ఏ చీటీ వదినా?" అన్నాడు. చేతిలో ఏదో తీగ పట్టుకుని తొక్క తీస్తూనే ఉన్నాడు, రాగి కూడా తెగిపోయేదాకా.

ఆ మాట నాకు గొడుగులా దొరికింది. దానికింద ఏడేళ్లు నిలబడ్డాను. రేపు చెబుదాం, దాని పరీక్షలయ్యాక చెబుదాం, అది కాస్త తేరుకున్నాక చెబుదాం. చీ, నా బతుకు.

సంఘం పెద్ద వాడిని ఏ పడవా పిలవకూడదన్నాడు. అయినా ఒక ముసలి యజమాని చాటుగా పిలిచాడు. వీడు పనిసంచి పట్టుకుని వెళ్లాడు, పడవకూ ఒడ్డుకూ మధ్య వేసిన బల్లమీద సగం దాకా నడిచి, అక్కడే నిలబడి, తిరిగొచ్చేశాడు. తర్వాత బస్‌స్టాండ్ పక్కన ఒక చిన్న కొట్టు పెట్టుకుని ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేశాడు. మా అమ్మాయి, వాడు చేసిచ్చిన చదువుకునే దీపాన్ని గేటు బయట పెట్టేసింది. బాబాయ్ అనడం మానేసింది. "ఆయన" అనేది, అదీ తప్పనిసరైతే. మా ఇంట్లో మోటారు పాడైతే, అది కాలేజీకి వెళ్లిన వేళ చూసి వచ్చి బాగుచేసి వెళ్లిపోయేవాడు. కింద చీటీ ఉండేది కాదు. ఆ విచారణ రోజునుంచి వాడు మళ్లీ చీటీ రాయలేదు. అంతమంది చుట్టూ ఉన్నా ఆ సంగతి నేనొక్కదాన్నే గమనించాను.

అమ్మాయి చదువైపోయి రేవు ఆఫీసులో ఉద్యోగంలో చేరింది. దాని పని ఏమిటంటే, పొద్దున్నా సాయంత్రం పోటు వేళలు, గాలి, మొగ దగ్గర లోతు రేడియోలో పడవలకు చదివి వినిపించడం. ఎందుకు ఆ ఉద్యోగమే కోరుకుందో నేను అడగలేదు.

అది చేరిన ఆరో నెలలో మా మరిదిని ఆసుపత్రిలో చేర్చారు. ఊపిరితిత్తులు. ఇన్నేళ్లు టంకం పొగ పీల్చి, పడవ అడుగుల్లో చెమ్మ పీల్చి అవి చివికిపోయాయన్నాడు డాక్టరు. సాయంత్రం నాలుగింటికి వెళ్లాను. ఆరు మంచాల గది. కిటికీ పక్క మంచంమీద ఎండిన పుల్లలా వాడు, చెవి దగ్గర చిన్న రేడియో. అందులో మా అమ్మాయి గొంతు.

"మొగ దగ్గర లోతు రెండున్నర. మళ్లీ చెబుతున్నాను, రెండున్నర."

"ప్రతి అంకెనీ రెండుసార్లు చదువుతుంది వదినా. మిగతావాళ్లు చదవరు" అన్నాడు. మొహం వెలిగిపోతోంది. "కొట్లో కూడా రోజూ వింటాను. పొద్దున కాస్త జలుబు చేసినట్టుంది దానికి, మిరియాలు వేసి ఏదైనా ఇవ్వు."

నాకు దుఃఖం ఆగలేదు. పక్కమంచాలవాళ్లు చూస్తున్నా ఆపుకోలేదు. బ్లౌజులోంచి చీటీ తీసి వాడి చేతిలో పెట్టాను. ఏడేళ్లకు మడతల దగ్గర గుడ్డలా మెత్తబడింది.

"ఇవాళ దానికి చెప్పేస్తాను. ఇంక నావల్ల కాదు. అది నీ దగ్గరికి రావాలి, నిన్ను బాబాయ్ అనాలి. నాతో మాట్లాడకపోయినా పర్లేదు."

వాడు చీటీ విప్పి చదివాడు. చాలాసేపు చదివాడు, రెండు వాక్యాలకు అంతసేపు.

"ఇది నా చేతిరాత కాదు వదినా."

"నోరు ముయ్యి. నీ చేతిరాత లోకం మొత్తానికి తెలుసు."

"దానికి నాన్న లేడు. అమ్మ కూడా లేకుండా పోవాలా?" గొంతు పెంచలేదు, పెంచే ఊపిరి లేదు. "కోపం ఎవరిమీదో ఒకరిమీద ఉండాలి దానికి. నామీదైతే వీధిలో ఉంటుంది. నీమీదైతే ఇంట్లోనే ఉంటుంది. ఎక్కడ తిని ఎక్కడ పడుకుంటుంది అది?"

"మరి నువ్వో? నీ సంగతి ఏంట్రా?"

"నాకు రోజూ రెండుసార్లు రేడియో ఉందిగా."

అంటూనే, నేను చెయ్యి చాపేలోపు, మంచం పక్కనున్న నీళ్లగ్లాసులో ఆ చీటీ ముంచేశాడు. స్కెచ్ పెన్ను సిరా. నీళ్లు నీలంగా అయ్యాయి, కాగితం తెల్లగా తేలింది. నేను గ్లాసులో వేళ్లు పెట్టి తీసేసరికి ముద్దయిపోయింది. నేను వాడి భుజం పట్టుకుని కొట్టాను. నిజంగానే కొట్టాను, చిన్నప్పుడు గడియారం విప్పినందుకు కొట్టనిది అప్పుడు కొట్టాను. వాడు నవ్వుతూ దగ్గాడు. నర్సు వచ్చి నన్ను బయటికి పంపేసింది. మూడోరోజు పొద్దున, పోటు వేళలు చదివే టైముకు కాస్త ముందు వాడు పోయాడు.

సాగనంపిన రోజు పడవలవాళ్లు పదిమందీ వచ్చారు, ఎంతైనా అందరి పడవల్లోనూ వాడి డబ్బాలు ఇంకా పనిచేస్తున్నాయి. మళ్లీ అదే హాల్లో కూర్చున్నారు. విచారణ రోజు లేవనిదాన్ని ఈసారి లేచాను. అన్నీ చెప్పాను. చీటీ సంగతి, నా పంతం సంగతి, గిన్నెల సంగతి, గ్లాసు సంగతి. వాడు మర్చిపోలేదని, నేనే ఇవ్వలేదని గట్టిగా, ఇంజిన్ ఆయన మొద్దుబారిన చెవులకు కూడా వినబడేలా చెప్పాను. ఇక నామీద ఉమ్ముతారు, ఉమ్మనీ అనుకున్నాను.

ఎవరూ ఉమ్మలేదు. ఇంజిన్ ఆయన కళ్లు తుడుచుకున్నాడు. సంఘం పెద్ద లేచి, చాలా మెత్తగా, "ఆ చీటీ ఉందా అమ్మా?" అని అడిగాడు.

"చెప్పాగా, నీళ్లలో కరిగిపోయింది."

"సరే అమ్మా, సరే." ఆయన నా భుజంమీద చెయ్యి వేశాడు. "కొడుకులా పెంచావు. పోయినవాడి మీద మచ్చ ఉండకూడదని నీమీద వేసుకుంటున్నావు. ఎంత గొప్ప మనసమ్మా నీది."

"గొప్ప మనసు కాదండీ, నిజం!" అని అరిచాను. అరిచినకొద్దీ వాళ్ల కళ్లలో జాలి ఎక్కువైంది. వాడే తన నోటితో ఒప్పుకున్నాడు కదా, అదీ అదే హాల్లో. ఒక ఆడమనిషి నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది.

ఇంటికొచ్చాక అమ్మాయి నా పక్కన కూర్చుంది. నా చెయ్యి తీసుకుంది. ఇదొక్కతే నమ్మితే చాలు, మిగతా రేవంతా ఏమైపోయినా ఫర్వాలేదు.

"అమ్మా, నువ్వు అలా చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది" అంది. "నీకు బాబాయ్ అంటే అంత ఇష్టమని తెలుసు. ఇన్నేళ్లు నాకోసం పైకి చెప్పుకోలేదు కదూ."

"కాదే. నిజంగా ఇచ్చాడే నా చేతికి. ఒట్టు."

"సర్లే అమ్మా. ఊరుకో." నా జుట్టు సర్దింది. "బాబాయ్‌ని క్షమించానులే. నీ మొహం చూసి."

ఏడేళ్ల తర్వాత దాని నోట బాబాయ్ అన్న మాట విన్నాను. వినాల్సినవాడు లేడు. అది లేచి సాయంత్రం డ్యూటీకి వెళ్లింది.

నేను వంటింట్లోకి వెళ్లాను. స్విచ్ మీద వాడి పాత చీటీ ఇంకా ఉంది, తడిచేత్తో ముట్టుకోవద్దని. దాన్ని ముందు పెట్టుకుని, నీలం స్కెచ్ పెన్ను తీసుకుని, కాగితంమీద రాశాను: అన్నయ్యా, ఇక నాన్నను కలపకు. వాడి అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, కొమ్ములు పొడుగ్గా లాగుతాడు. చూసి చూసి అలాగే దిద్దాను. ఒకటి పారేసి ఇంకోటి రాశాను, అదీ పారేశాను. రేడియోలో అమ్మాయి లోతు చదివింది, రెండుసార్లు. ఎన్నిసార్లు రాసినా అవి నా అక్షరాల్లాగే ఉన్నాయి.